నున్నటి ఆకు

ముందుకు జరిగి కూర్చోండమ్మా. ప్రార్థన అయిపోయింది గనక చెబుతున్నాను. ప్రార్థనకు ముందు ఈ సంగతి ఎత్తను.

నలభై మూడులో నేను మాచర్లలో డ్రాయింగు మాస్టర్ని. యుద్ధం రోజులు. వెల్దుర్తి దిక్కున వానల్లేక జనం చేలగట్ల మీద ఆకు కోసుకొని ఉడకేసుకుంటున్నారు. అందులో రెండు రకాలు. నూగున్నది కూరాకు, నున్నగా ఉన్నది విషం. అప్పటికే ఏడుగురు పోయారు. ఆసుపత్రి డాక్టరు జ్ఞానమ్మగారు విషపు ఆకు కొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"ఉన్నదున్నట్టు గీయండి మాస్టారూ. అచ్చేసి ఊరూరా అంటించాలి. శనివారానికి కావాలి."

యుద్ధంతో ఇంగ్లండు నుంచి సీమ కుంచెలు రావడం మానేశాయి. ఆముదం దీపపు మసి, తుమ్మబంక నూరి సిరా చేసుకున్నాను. కుంచెకు ఉడత తోక దొరకలేదు. సవరాలు కట్టే నాగూర్ వలి సన్నటి జుట్టు పాయ ఒకటి ఇచ్చాడు. కాకి ఈక గొట్టంలో దూర్చి కట్టాను.

బుధవారం ఆకు గీశాను. అంచు చక్కగా కుదిరింది. అన్నం తిని వచ్చి చూస్తే ఆకు నిండా నూగు.

సిరా పాకిందనుకొని బ్లేడుతో గీకాను. చెయ్యి కడుక్కొని వచ్చేసరికి మళ్లీ నూగు. కాగితం మార్చాను. బంక తగ్గించాను. గురువారమంతా ఇదే గోల. గీకీ గీకీ నాలుగు కాగితాలకు చిల్లులు పడ్డాయి.

"ఏందయ్యా, ఆకుతో కుస్తీ?" అంది మా ఆవిడ గ్రేసమ్మ.

"ఉన్నది గీస్తుంటే లేనిది వస్తందే. ఇది చూసి విషం కూరొండుకుంటారు."

శుక్రవారం తలుపేసుకొని, కీర్తన పాడుకుంటూ గీశాను. కుంచె పక్కన పెట్టి కాగితం మీదే చూపు నిలిపాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఎక్కడిదో ఆకు ఉడుకుతున్న వాసన... కీర్తన ఆపాను. నా చెవి పక్కన, సన్నగా...

"నూగుంది గదయ్యా... చూసే కోశాను..."

వెనక్కి తిరగలేదు. కుంచె పట్టుకొని నాగూర్ వలి దగ్గరికి పరిగెత్తాను.

"ఎవరిదయ్యా ఈ జుట్టు?"

"వెల్దుర్తి గురవమ్మది మాస్టారూ. దొంగది కాదు. గింజల కోసం తనే అమ్ముకుంది."

"ఇప్పుడేడుంది?"

అతను తల దించుకున్నాడు. "గింజలు అయిపోయినాక ఆకు కోసింది. ముందు పిల్లలకు పెట్టింది."

కుంచెను మట్టిలో పెట్టి ప్రార్థన చేశాను. ఆ సాయంత్రం ఉక్కు పాళీతో గీశాను. ఆకు నున్నగా నిలిచింది. అచ్చులోనూ నున్నగానే వచ్చింది. ఆ ఏడాది ఆకు తిని ఇంకెవరూ పోలేదు, దేవునికి స్తోత్రం.

అచ్చు కాగితం ఒకటి దాచుకున్నాను. ఇదిగో. కళ్లతో చూడండి, వేలు పెట్టబోకండి. నిరుడు మన పున్నమ్మ నున్నగా ఉందా లేదా అని తడిమింది. ఆమె వేలికి మూరెడు వెంట్రుక చుట్టుకొని వచ్చింది.

నాగూర్ వలి ఇచ్చిన పాయ నల్లటిది. ఆ వెంట్రుక నెరిసిపోయి ఉంది.