పక్క సీటులో నిద్ర

డ్రైవింగ్ నేర్చుకునేవాడు భయపడితే అర్థం ఉంది. నేర్పే మేడమ్ నిద్రపోతే ఏం చెయ్యాలో మాత్రం ఆ స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

మొదటి వారం ఏ గొడవా లేకుండా గడిచింది. "క్లచ్ తొక్కండి. గేర్ వెయ్యండి. నన్ను కాదు, రోడ్డు చూడండి" అని మేడమ్ గదమాయించేది. అతను రోడ్డే చూసేవాడు. మేడమ్‌ని చూసింది రెడ్ లైట్ పడ్డప్పుడు మాత్రమే. అదీ వృత్తిరీత్యా అని తనకి తాను చెప్పుకునేవాడు.

అతనిది డెంటల్ ల్యాబులో పని. డాక్టర్లు తీసిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, పళ్ళ నమూనాలు చేసి, వాటి మీద కట్టుడు పళ్ళూ, పళ్ళు కొరికేవాళ్ళకి గార్డులూ, గురక తగ్గించే పరికరాలూ తయారు చేస్తాడు. మనిషి ఎదురుపడితే ముందు దవడ చూడటం అతనికి అలవాటైపోయింది. అందుకే డ్రైవింగ్ స్కూల్లో అందరూ అతన్ని పళ్ళబ్బాయి అనేవారు.

మేడమ్ ఆ స్కూలు ఓనరుకి అన్న కూతురు. చాలాకాలం ఆఫీసులో ఫోన్లు ఎత్తుతూ కూర్చుంది. బాబాయితో పోట్లాడి పోట్లాడి చివరికి బండెక్కింది. నేర్పేవాళ్ళు కూర్చునే పక్క సీటు ముందు ఇంకో బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవడమంటే ఆమెకి ప్రాణం.

రెండో వారంలో గోదాముల వెనక ఖాళీ రోడ్డు మీద అతను సెకండ్ నుంచి థర్డ్‌కి మార్చాడు. కుదుపన్నదే లేదు. మెచ్చుకుంటుందేమోనని పక్కకి చూశాడు. మేడమ్ తల వెనక్కి ఆనించి, నోరు కాస్త తెరిచి, హాయిగా నిద్రపోతోంది. గురక కూడా పెడుతోంది.

అతని ఛాతీ ఉబ్బిపోయింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అక్కతో చెప్పాడు.

"నా డ్రైవింగ్ మీద ఆవిడకి ఎంత నమ్మకమో తెలుసా?"

"నమ్మకమా, నీరసమా?"

"నీకు కుళ్ళు."

"నాకెందుకురా కుళ్ళు? నేను ఆ బండిలో లేను. అంతే చాలు."

ఆ నమ్మకం మర్నాటిదాకా నిలిచింది. మర్నాడు మళ్ళీ మేడమ్ కళ్ళు మూతపడ్డాయి, గురక మొదలైంది, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఛాతీ కదులుతోంది గానీ ఊపిరి ఆడటం లేదు. కాసేపటికి ఉలిక్కిపడి, నీళ్ళలోంచి పైకి తేలిన మనిషిలా ఒక్కసారి గాలి పీల్చుకుని, మళ్ళీ నిద్రలోకి జారిపోయింది. అతను బండి పక్కకి తీసి ఆపాడు. ఇలాంటివాళ్ళ అచ్చులు ల్యాబుకి తరచూ వస్తుంటాయి. సంగతేమిటో అతనికి అర్థమైంది.

బండి ఆగేసరికి ఆమె లేచి, ఏమీ జరగనట్టు చున్నీ సర్దుకుంది.

"మేడమ్, ఒక మాట చెప్తాను. ఏమీ అనుకోకూడదు."

"చెప్పండి."

"మీ కింది దవడ కొంచెం వెనక్కి ఉంది."

అమ్మాయితో మాట కలపడానికి లోకంలో ఎన్నో మార్గాలున్నాయి. దవడతో మొదలుపెట్టినవాడు బహుశా ఇతనొక్కడే.

"ఏంటీ?"

"చూడ్డానికి బాగానే ఉంటుందండి. కానీ నిద్రలో దాంతోపాటు నాలుక కూడా వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతుంది. ఊపిరి ఆగుతుంది. రాత్రంతా అలా జరిగితే పగలు నిద్ర ముంచుకొస్తుంది. పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందా మీకు?"

ఉంటుంది. రోజూ ఉంటుంది. ఆమె బ్యాగులో తలనొప్పి మాత్రలు లేని రోజు లేదు. ఇంట్లోవాళ్ళకి కూడా తెలియని ఆ సంగతి ఇతను ఇంత తేలిగ్గా చెప్పేసినందుకు ఆమెకి ఒళ్ళు మండింది.

"నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటున్నాను. గేరు సరిగ్గా పడిందో లేదో చెవికి తెలుస్తుంది."

"గురక కూడా ఇంజన్‌దేనాండీ?"

"బండి దిగండి."

"నేను డ్రైవర్ సీట్లో ఉన్నానండి."

"అయితే నడపండి. నోరు మూసుకుని నడపండి."

అతను నోరు మూసుకునే నడిపాడు. స్కూలు దగ్గరికొచ్చాక ఆమె వెంటనే దిగలేదు.

"ఇది బాబాయికి తెలిస్తే నన్ను మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చోబెడతాడు. ఈ సీటు నాకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. దయచేసి ఎవరితోనూ అనకండి."

"అననండి. మీరు మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి."

"చూద్దాం" అంది. వెళ్ళనని దానర్థం.

బుద్ధున్నవాడెవడైనా అక్కడితో క్లాసులు మానేసేవాడు. ఇతను అప్పటికే ప్రేమలో పడ్డాడు కాబట్టి మానలేదు. పైగా ఆమె నిద్రపోయేది ఇతని పక్కనే. మిగతా విద్యార్థుల పక్కన ప్రాణభయం ఆమెని మెలకువగా ఉంచేది.

ఆమెకి నిద్ర చెడకూడదని అతను ఆ ఖాళీ రోడ్డు దాటి వెళ్ళేవాడు కాదు. బ్రేకు ఎంతో దూరం నుంచే నెమ్మదిగా వేసేవాడు. గుంత కనిపిస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. హారన్ జోలికి అసలు వెళ్ళలేదు. ఒకసారి రోడ్డుకి అడ్డంగా ఆవలిస్తూ పడుకున్న కుక్క లేచి వెళ్ళేదాకా బండి ఆపుకుని కూర్చున్నాడు.

ఒక పొద్దున వాన కురిసింది. అద్దం మీద నీళ్ళు కారుతుంటే అతను బండి ఓ పక్కన ఆపేశాడు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది.

"ఎందుకు ఆపారు?"

"వాన పడుతోందండి."

"వైపర్ వెయ్యొచ్చుగా."

"చప్పుడు చేస్తుందండి."

ఆమె అతని వైపు చూసింది. ఇంతకుముందు చూసినట్టు కాదు.

"మీకు వేరే పనేం లేదా?"

"ఉందండి. ప్లాస్టర్ ఆరాలి."

ఆమె నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. వాన వెలిసేదాకా ఇద్దరూ అలాగే కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ పొద్దున నేర్పిందేమీ లేదు.

టెస్టు రోజు వచ్చింది. బాబాయి స్వయంగా వచ్చి మైదానం పక్కన నిలబడ్డాడు. పళ్ళబ్బాయి వెన్న కోసినంత మెత్తగా మలుపులు తిప్పాడు. ఇన్‌స్పెక్టర్ దిగి తలుపు వేస్తూ, "ఫెయిల్" అన్నాడు.

"ఎందుకండీ?" అన్నాడు బాబాయి.

"మలుపులో హారన్ లేదు. ఆపమంటే ఠక్కున ఆపడు. పక్కన ఎవరో పడుకున్నట్టు నడుపుతాడేంటండీ ఈ అబ్బాయి?"

బాబాయి చాలామందికి డ్రైవింగ్ నేర్పినవాడు. ఎవరి చేతుల్లో ఏ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన ఇట్టే పట్టేస్తాడు. ఇంటికెళ్ళి అన్న కూతురిని ఒకే ఒక్క మాట అడిగాడు. ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. మర్నాటినుంచి ఆమె మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చుంది.

పళ్ళబ్బాయికి ఫోన్ వచ్చింది.

"అననన్నారు కదా."

"నేను అనలేదండి."

"మరి బాబాయికి కలొచ్చిందా?"

ఆ మాటతో ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత అతను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఫోన్లు ఎత్తడమే ఉద్యోగమైన మనిషి తన ఒక్కడి ఫోనే ఎత్తకపోతే ఎలా ఉంటుందో అతనికి బాగా తెలిసింది.

ఆమె మాత్రం కోపం మీద డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఒంటికి తీగలు తగిలించి, నిద్రపుచ్చి పరీక్ష చేశారు. నిద్రలో ఊపిరి ఆగుతున్న మాట నిజమేనని, పొద్దుటి తలనొప్పి కూడా దానివల్లేనని తేలింది. దవడని ముందుకు పట్టి ఉంచే పరికరం చాలని డెంటిస్ట్ దగ్గరికి పంపారు. ఆ డెంటిస్ట్ క్లినిక్ వెనక గదే పళ్ళబ్బాయి ల్యాబు.

బల్ల మీదికి వచ్చిన అచ్చులో ప్లాస్టర్ పోసి తీసిన దవడని చూడగానే అతను గుర్తుపట్టాడు. రెడ్ లైట్ దగ్గర అంతకాలం చూసిన దవడ మరి. పై పళ్ళకొకటి, కింది పళ్ళకొకటి తొడుగులు చేశాడు. కింది దవడ వెనక్కి జారకుండా రెండు పక్కలా చిన్న స్క్రూలు పెట్టాడు. అంచులు నున్నగా వచ్చేదాకా సానపట్టాడు. అంత శ్రద్ధగా అతను ఇంతకుముందు దేన్నీ చెయ్యలేదు.

తొడిగే రోజు వెనక పన్ను దగ్గర కాస్త ఒరుసుకుంది. డెంటిస్ట్ అతన్ని పిలిచింది. కుర్చీలో నోటినిండా పరికరంతో మేడమ్ ఉంది. అతన్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది గానీ మాట్లాడే వీల్లేదు. అతను అదే అదను అనుకున్నాడు.

"నేను ఎవరితోనూ చెప్పలేదండి. టెస్టులో హారన్ కొట్టలేదు. పక్కన ఎవరో పడుకున్నట్టు నడుపుతున్నావని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. మీ బాబాయిగారు అక్కడే ఉన్నారు. జరిగింది ఇంతే."

ఆమె పరికరం తీసి చేత్తో పట్టుకుంది.

"ఎందుకు కొట్టలేదు?"

"మీరు లేస్తారని... అలవాటైపోయింది."

డెంటిస్ట్ ఎందుకో గొంతు సవరించుకుని, పక్క గదిలో పనుందంటూ వెళ్ళిపోయింది.

"ఫోన్ ఎత్తనందుకు ఏమీ అనుకోకండి" అంది మేడమ్, చేతిలో పరికరాన్ని చూస్తూ. "నా కోపం మీ మీద కాదు. నిజానికి నా మీదే. కాస్త ఇక్కడ అరగదీయండి, గుచ్చుకుంటోంది."

రెండు నెలలు గడిచాయి. స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పుకుంటూ దవడని ముందుకు తెచ్చుకుంది. ఒక పొద్దున లేచి, తలలో ఏదో తక్కువైందే అనుకుని, తక్కువైంది నొప్పి అని గ్రహించి, మంచం మీదే కూర్చుని ఏడ్చేసింది. మళ్ళీ చేసిన నిద్ర పరీక్ష బాగా వచ్చింది. నడపవచ్చు, నేర్పవచ్చు అని డాక్టర్ బాబాయికే చెప్పాడు. సీటు తిరిగొచ్చింది.

మొదటి ఫోన్ పళ్ళబ్బాయికే వెళ్ళింది. "రేపటినుంచి రండి. ఫెయిలైనవాడు బయట తిరుగుతుంటే మా స్కూలుకి పరువు తక్కువ."

మర్నాడు ఆమె క్లాసంతా కళ్ళు తెరుచుకునే ఉంది. ఇన్నాళ్ళూ ఏం చూడలేదో అదంతా చూసింది.

"వెనక్కి తియ్యడం రాదా మీకు?"

"నేర్పలేదండి."

"అద్దాలు చూసుకోరా?"

"మిమ్మల్నే చూసేవాణ్ణి."

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. బండి స్కూలు ముందుకి వచ్చి ఆగింది. ఇద్దరూ దిగలేదు.

"ఇది జన్మంతా పెట్టుకోవాలట" అంది నెమ్మదిగా. "తీసేస్తే మళ్ళీ మొదలవుతుంది. రోజూ నోటినిండా ప్లాస్టిక్ పెట్టుకుని పడుకునేదాన్ని ఎవడు చేసుకుంటాడు?"

"అది చేసినవాడే చేసుకుంటాడు. మీకిష్టమైతే."

ఆమె చాలాసేపు స్టీరింగ్ మీద ఉన్న అతని చేతుల్ని చూసింది.

"నాకిష్టమే" అంది. "వెళ్ళి బాబాయిని అడుగు. ఇంకా మీరూ గీరూ ఏంటి, వెళ్ళు."

బాబాయి ఆఫీసులో ఉన్నాడు. పళ్ళబ్బాయి నిలబడే ఉన్నాడు. వచ్చిన పని తడబడుతూ చెప్పాడు. బాబాయి అంతా విని, ముందున్న కాగితాలు పక్కకి నెట్టాడు.

"తర్వాత మాట రాకూడదని ముందే చెప్తున్నాను బాబూ. మా అమ్మాయికి గురక ఉంది. అది ఎక్కడ బయటపడుతుందోనని సంబంధాలన్నీ తనే వద్దనేది."

"తెలుసండి. నేను విన్నాను."

"విన్నావా? విని భయపడలేదూ?"

"గురకకి భయపడలేదండి. అది ఆగిపోయినప్పుడు భయపడ్డాను. మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా నాకూ ఊపిరి ఆడేది కాదు."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"కూర్చో" అన్నాడు. "మీ ఇంట్లోవాళ్ళతో ఎప్పుడు మాట్లాడమంటావు?"