తిరగబడ్డ చందువ

ఈ రేవులో నా కన్నుగప్పి చేపముల్లు కూడా జారిపోదు. గ్వెక్ హోంగ్ హోటల్లో కౌంటర్ చివరి స్టూల్ మీద కూర్చుని ఈ కేసంతా కళ్లారా చూసినవాణ్ని నేను.

మధ్యాహ్నం రద్దీలో కౌంటర్ మీది పళ్లేలు తీస్తూ గ్వెక్ హోంగ్ కెవ్వున అరిచింది. ఒక పళ్లెంలో ఎవరో చందువ చేపను రెండోవైపుకు తిప్పి తిన్నారు. పళ్లెంలో చేప తిరగబడితే సముద్రంలో పడవ తిరగబడుతుందని మా నమ్మకం. పైకండ తిన్నాక నడిముల్లు లేపి కిందికండ తినాలి గానీ తిప్పకూడదు.

తింటున్నవాళ్లంతా తమ పడవలు చూసుకోవడానికి పరుగెత్తారు. పడవ నడిపే ముసలి సరంగు బాక్ సెంగ్ ఒక్కడే కౌంటర్ దగ్గర పీతకాలు చీకుతూ కూర్చున్నాడు. గుండెదిటవంటే అదీ అని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు ఒక్క పడవా కదల్లేదు. నేరం గిన్నెలు తోమే లిలిస్ మీద పడింది. ఆమెది కొండప్రాంతం, ఇద్దరు పిల్లల తల్లి.

"కొండమనిషికి పడవ గొడవేం తెలుసు? దాన్ని పంపేయ్, అప్పుడే మళ్లీ నీ కొట్లో తింటాం," అన్నారు పడవలవాళ్లు గ్వెక్ హోంగ్‌తో.

గ్వెక్ హోంగ్ పట్నం నుంచి ఖూ తియాన్ పో అనే ప్రైవేటు డిటెక్టివ్‌ను పిలిపించింది. వెంట అసిస్టెంటు మేయ్ ఫున్ వచ్చింది.

"చేప తిప్పావా అమ్మా?" అని డిటెక్టివ్ లిలిస్‌ను అడిగాడు.

"నాకు చేప వాసనే పడదు బాబూ," అంది లిలిస్.

"మరి చేపల హోటల్లో పనేమిటి?"

"తినమని కాదుగా జీతమిచ్చేది, తోమమని!"

డిటెక్టివ్ నవ్వి, సరంగు వైపు తిరిగాడు. "వేట ఎలా సాగుతోంది మామా?"

"బ్రహ్మాండం. మొన్న కూడా వల నిండింది."

డిటెక్టివ్ అతని రబ్బరు బూట్లకేసి చూశాడు. ఉప్పుమరక లేదు, పొలుసు లేదు.

సాయంత్రం అందర్నీ కౌంటర్ చుట్టూ కూర్చోబెట్టాడు.

"చేప కౌంటర్ మీదే తిరగబడింది. లిలిస్ అప్పుడు పెరట్లో ఉంది. పడవున్నవాడు చేప తిప్పడన్నారు, ఒప్పుకుంటాను. మరి కేక విని తన పడవ కోసం పరుగెత్తనిదెవరు?"

మేయ్ ఫున్ నోరు తెరిచింది. "అంటే, ఆయనకి పడవే లేదా సార్!"

సరంగు తలెత్తలేదు. "వానల ముందే అమ్మేశా. చెప్పుకోలేక రోజూ ఈ బూట్లు తొడుక్కొస్తున్నా. మొన్న చెయ్యి దానంతటదే తిప్పేసింది. బోల్తాపడ్డానికి నాకింకేం మిగిలిందిరా? కానీ ఈ అమ్మాయిని తిడుతుంటే నోరు మెదపలేదు చూడూ... బూట్లకంటే అదే పెద్ద సిగ్గు."

ఎవరి తలా పైకి లేవలేదు. గ్వెక్ హోంగ్ లిలిస్ మొహం చూడలేక పొయ్యి వైపు తిరిగింది. లిలిస్ మాత్రం వేడివేడి చందువ తెచ్చి సరంగు ముందు పెట్టింది. అతను పైకండ తిన్నాక నడిముల్లు మెల్లగా లేపి, కిందికండ వడ్డించింది.

అన్నట్టు, ఆ కేక విని అందరికంటే ముందు రేవుకు పరుగెత్తింది నేనే. జారిన చెప్పు ఇప్పటికీ దొరకలేదు. సరంగు కూర్చున్న సంగతి గ్వెక్ హోంగ్ చెబితే విన్నదే.

అది కాక ఇందులో నేను కల్పించింది ఒక్కటే. లిలిస్ ముల్లు లేపలేదు. మా అందరి కళ్లముందూ ఆ చందువను ఫట్టుమని తిప్పింది. ఈసారి ఒక్కడూ స్టూల్ దిగలేదు.