బావగారి విమానం

ఎగిరి ఎగిరి ఒళ్లు హూనమైన బొమ్మ విమానాలకు ఆ ఊళ్లో దిక్కు ఒక్కడే. అందరూ అతన్ని జిగురాయన అనేవారు. కొట్టు నిండా జిగురు వాసన, చెక్కపొడి. పనిచేసే భాగాన్ని పీకి పారేయమంటే మాత్రం అతని ప్రాణం ఉసూరుమనేది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చి, చనిపోయిన భర్త విమానాన్ని బల్లమీద పెట్టింది. రెక్క విరిగింది, ముక్కు చితికింది. ఆ మహానుభావుడు బతికున్నన్నాళ్లూ మేడమీద నిలబడి రిమోట్‌తో దీన్ని ఆమె నెత్తిమీద తిప్పేవాడు. బజారుకెళ్లినా గాల్లో అదే రొద. ఇంటికి రాగానే "దారిలో ఎవరితో ఆగావు?" అని నిలదీసేవాడు. ఇన్నాళ్లకు ఆమెకు వేరే ఊళ్లో ఉద్యోగం, తనదంటూ ఒక గది దొరికాయి.

"బాగుచేసి ఎవరికైనా ఇచ్చెయ్ అన్నయ్యా. లోపల రిసీవర్ మాత్రం మార్చెయ్. అది ఆయన రిమోట్‌కే పలుకుతుంది."

"ఆ రిమోట్‌ని మీ ఆయన చేతిలోనే పెట్టి పూడ్చాం కదే పిచ్చిదానా! మట్టిలోంచి మీటలు నొక్కుతాడా ఏంటి?"

ఆమె నవ్వలేదు. "ఒట్టెయ్."

వేశాడు.

రెక్కకు కొత్త చెక్క అతికించి, పైన కాగితం బిగించాడు. రిసీవర్ చూస్తే నిక్షేపంలా ఉంది. పీకడానికి చేతులు రాలేదు. ఊరెళ్లే రోజు చెల్లెలు అడిగితే, "మార్చేశానే, హాయిగా వెళ్లు" అనేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని బస్సెక్కింది.

ఆ సాయంత్రం కొట్టు మూయబోతుంటే వెనక కిర్రుమంది. కొక్కేనికి వేలాడుతున్న విమానం తోకమీది చుక్కాని... ఎడమకు తిరిగింది. బ్యాటరీ ఇంకా పెట్టనేలేదు. అది బల్లమీదే ఉంది. ఎక్కడిదో తడిమట్టి వాసన. బయట చినుకైనా పడలేదు.

ఫోన్ మోగింది.

"అన్నయ్యా..." చెల్లెలు గుసగుసలాడుతోంది. "విమానం ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదే. నా ముందే ఉంది."

"మరి ఇక్కడ నా నెత్తిమీద చక్కర్లు కొడుతున్నదేంటి?"

అతను కొక్కేనికున్న విమానం వైపు చూశాడు. చక్కర్లు కొట్టేటప్పుడు చుక్కాని ఇలాగే... ఎడమకే ఉంటుంది.

"లోపలికి పరుగెత్తు! తలుపేసుకో!"

"నిజం చెప్పన్నయ్యా. మార్చావు కదూ?"

అతను విమానం పొట్ట విప్పాడు. రిసీవర్‌ని తీగలతో సహా పీకి నేలకేసి కొట్టాడు. ముక్కలైంది.

కిర్రు ఆగింది. ఫోన్లో రొద ఆగలేదు.

"కిందికి దిగుతోంది..." అంది చెల్లెలు.

అతని కళ్లముందే, ఖాళీ పొట్టతో వేలాడుతున్న విమానం తోకరెక్క, నేలకు దిగేటప్పుడు వంగినట్టే... మెల్లగా కిందికి వంగింది.