రెండు తాళాల స్విచ్చు

మమత నన్ను అడిగిన మొదటి ప్రశ్న నా పేరు. రెండో ప్రశ్న కూడా నా పేరే.

"గిరీష్ అని ఇందాకే చెప్పాను కదా మేడం," అన్నాను ఫోన్‌లో.

"పూర్తి పేరు చెప్పుండ్రి. ఇంజన్ కాడ మీరే ఉన్నరా, ఇంకెవ్వలో చెప్తే చెప్తున్నరా?"

నేనే ఉన్నానని, స్విచ్చు నా చేత్తోనే తీశానని, తాళం కూడా వేశానని చెప్పాక గానీ ఆవిడ ఫోన్ పెట్టలేదు. మనిషిని చూడకుండానే మనిషి మీద కోపం రావడం నాకు అదే మొదలు.

మాది అనంతపురం. మెకానికల్ డిప్లొమా. 1999లో నా క్లాస్‌మేట్లందరూ కంప్యూటర్ కోర్సులు చేసి, మాదాపూర్‌లో కొత్తగా లేచిన టవర్ల చుట్టూ బయోడేటాలు పట్టుకుని తిరుగుతుంటే, నేను కొండాపూర్‌లో నూట ఇరవై బర్రెల పేడతో ఇంజన్ నడిపేవాణ్ణి. నాకేం సిగ్గులేదు. కరెంటు పోతే వాళ్ళ ఆఫీసుల వెనక డీజిల్ జనరేటర్లు పొగ కక్కేవి. మా గల్లీలో మాత్రం పేడతోనే దీపాలు వెలిగేవి.

ఆ గల్లీలో పాడి మీద బతికే వాళ్ళంతా కలిసి ఒక పాల సంఘం పెట్టుకున్నారు. దానికి పెద్ద జయమ్మ. గోబర్ గ్యాస్ గుంత సంఘానిదే, ఇంజనూ సంఘానిదే. కరెంటు పోయినప్పుడు మా ఇంజన్ కరెంటు విద్యుత్ బోర్డు వాళ్ళ తీగల మీదనే నలభై ఇళ్ళకు వెళ్ళేది. ఆరు నెలలు చూద్దామని బోర్డు అనుమతి ఇచ్చింది, ఒకే ఒక్క షరతు మీద. లైన్‌మన్ స్తంభం ఎక్కితే మా కరెంటు ఆ తీగలోకి రాకూడదు. అందుకని పని మొదలయ్యే ముందు సబ్‌స్టేషన్ నుంచి పాల సెంటర్‌కు ఫోన్ వస్తుంది. నేను స్విచ్చు తీసి, మళ్ళీ ఎవరూ వేయకుండా దానికి తాళం వేసి, తీశానని నా నోటితో చెప్పాలి. అప్పుడే లైన్‌మన్ నిచ్చెన వేస్తాడు.

ఆ ఫోన్ చేసే ఆపరేటరే మమత. ఆ సబ్‌స్టేషన్‌కు మొట్టమొదటి ఆడ ఆపరేటర్.

వానాకాలం వచ్చింది. కొమ్మలు విరిగి తీగల మీద పడేవి, రోజుకు రెండేసి ఫోన్లు వచ్చేవి. రెండు వారాలు గడిచేసరికి నాకు ఆ గొంతు మీద కోపం పోయి, మబ్బు పట్టిందా లేదా అని ఆకాశం చూసే జబ్బు పట్టుకుంది. ఒకరోజు అంతా చెప్పేశాక, ఉండబట్టలేక, భోంచేశారా అని అడిగాను.

"ఇది డ్యూటీ ఫోను," అని పెట్టేసింది.

మర్నాడు మళ్ళీ ఫోన్ వచ్చింది. పేరు, స్విచ్చు, తాళం, అన్నీ అయ్యాయి. అయినా ఫోన్ పెట్టలేదు.

"తిన్న. టమాట పప్పు," అని పెట్టేసింది.

ఆ పూట నేను పాకలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు. బర్రెలు నెమరేయడం ఆపి మరీ చూశాయి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం గల్లీ మొగలో తీగ తెగింది. మమత ఫోన్ చేసింది, నేను స్విచ్చు తీసి తాళం వేసి చెప్పాను, లైన్‌మన్ చంద్రయ్య స్తంభం ఎక్కాడు. లోపల కూలర్‌లో నాలుగు వందల లీటర్ల పాలున్నాయి. చల్లదనం తగ్గితే సాయంత్రానికి విరిగిపోతాయి. ముందు వారమే ఇంజన్ నుంచి కూలర్‌కు విడిగా ఒక వైరు లాగాం. గల్లీ తీగకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అందుకని ధైర్యంగా ఇంజన్ స్టార్ట్ చేశాను.

పది నిమిషాల్లో తడిసిన చుడీదార్‌లో ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, నన్ను పక్కకు నెట్టి, గ్యాస్ వాల్వ్ తిప్పేసింది. ఇంజన్ ఆగిపోయింది.

"పైన మనిషి ఉన్నడు. నీకు సోయి ఉన్నదా?"

గొంతు గుర్తుపట్టాను. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ ఇంజన్ చప్పుడు విన్నదట. నెలరోజులుగా నేను ఊహించుకున్న మనిషి కన్నా పొట్టిగా ఉంది. కళ్ళు మాత్రం ఊహించిన దానికన్నా పెద్దవి. వాటి నిండా నిప్పులు. స్విచ్చుకు తాళం ఉందని, ఇంజన్ నడిచేది కూలర్ కోసమేనని చెప్పుకున్నాను.

"కూలర్ వైరు ఏసిన సంగతి సబ్‌స్టేషన్‌కు ఎప్పుడు చెప్పినవ్?"

చెప్పలేదు. చెప్పాలన్న సంగతే నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే ఆమె రిపోర్టు రాసింది. లైన్ మీద మనిషి ఉండగా ఇంజన్ నడిచింది అని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ చదివిన వాళ్ళెవరైనా తీగలో కరెంటు వచ్చిందనే అనుకుంటారు. అనుమతి ఆపేశారు. ఎనిమిది రోజుల్లో బోర్డు ఇంజనీరు డీఈ గారు వచ్చి చూసి, ఉంచాలో పూర్తిగా రద్దు చేయాలో తేలుస్తారన్నారు.

కరెంటు పోతే గల్లీ మొత్తం చీకటి. మూడోరోజే ఒక జనరేటర్ వ్యాపారి వచ్చి, బల్బుకింత అని కిరాయి చెప్పి, ఇంటింటికీ కాగితాలు పంచిపోయాడు. జయమ్మ ఆ కాగితం తెచ్చి నా ముందు పడేసింది.

"తిన్నరా అని అడగనీకె నోరొస్తది, వైరు ముచ్చట చెప్పనీకె రాదా బిడ్డా?" అంది.

పాల సెంటర్‌లో ఫోన్ ఆమె గద్దె పక్కనే ఉంటుందన్న సంగతి నేను మర్చిపోయాను.

మర్నాడు సబ్‌స్టేషన్‌కు వెళ్ళాను. మమత కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. వైరు సంగతి చెప్పకపోవడం నా తప్పు, స్విచ్చు చూడకుండా రాయడం మీ తప్పు, నా తప్పుకు నన్ను తిట్టండి, నలభై ఇళ్ళనూ నూట ఇరవై బర్రెలనూ శిక్షించకండి అన్నాను. బాగానే మాట్లాడానని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆమె మీటర్లు చూసి రిజిస్టర్‌లో అంకెలు రాసి, పెన్సిల్ కింద పెట్టింది.

"చంద్రయ్య మా నాయిన," అంది. "ఏడేండ్ల కింద ఒక అపార్ట్‌మెంట్ల జనరేటర్ బంద్ చేసినమని వాచ్‌మన్‌తోటి చెప్పి పంపిండ్రు. చెయ్యలె. నాయిన కుడిచెయ్యి రెండు వేళ్ళు పోయినయ్. బతికిండు, అదే చాలు. అప్పటిసంది నేను ఎవ్వల మాటనైనా రెండుసార్లు అడుగుత."

నా పౌరుషమంతా ఎక్కడిదక్కడ చల్లారిపోయింది. అంతకుముందు ఆమె గొంతు అంటే ఇష్టం. ఆ నిమిషం నుంచి ఆమె అంటే ఇష్టం. ఆ తేడా నాకు స్పష్టంగా తెలిసింది.

"అయితే నా మాటతో పని లేకుండా చేద్దాం," అన్నాను. ఆమె రిజిస్టర్ పక్కనున్న కాగితం మీద బొమ్మ గీశాను. స్విచ్చుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి సబ్‌స్టేషన్‌లో మీ దగ్గర. రెండూ తీస్తే తప్ప మా కరెంటు తీగలోకి పోదు.

ఆమె పెన్సిల్ లాక్కుని నా బొమ్మ కొట్టేసింది. "నా కాడ కాదు. ఎక్కేటోని జేబుల ఉండాలె. ఆయన దిగొచ్చి తాళం తీసేదాక ఎవ్వలు ఏం చేయలేరు."

దానికన్నా మంచి ఆలోచన నాకు ఈ జన్మలో రాదు. ఆ మాటే ఆమెతో అన్నాను. మొదటిసారి నవ్వింది.

సాయంత్రం ఇద్దరం లింగంపల్లిలో తాళాలు కొన్నాం. దారిలో వాన అందుకుంది. గొడుగు ఒక్కటే, ఆమెదే. తాళాల పొట్లం తడవకుండా పట్టింది, తను తడవకుండా పట్టింది, నా సంగతి మాత్రం దేవుడికి వదిలేసింది. నేను ఆనందంగా తడిశాను.

డీఈ వెంకటరమణ గారు గోదావరి జిల్లా మనిషి. వచ్చీ రాగానే రిపోర్టు తీశారు. మమత ముందుకొచ్చింది.

"సార్, ఆ రిపోర్ట్ నేనే రాసిన. ఇంజన్ నడిచింది నిజం. కానీ స్విచ్‌కు తాళం ఉన్నదా అని చూడకుండ రాసిన. తప్పు నాది."

పై అధికారి ముందు అంత మాట ఒప్పుకుంటే ఉద్యోగంలో ఏ మచ్చ పడుతుందో నాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

డీఈ గారు ఇంజన్ నడిపించి తాళాలు లాగి చూశారు, వైర్లు వెతికి చూశారు. "ఏర్పాటు బాగానే ఉందండి. కానీ ఇంజన్ అలా నడుస్తుంటే ఏ లైన్‌మన్ ఎక్కుతాడు చెప్పండి?" అన్నారు.

చంద్రయ్య అప్పటికే నడుముకు బెల్టు కట్టుకుంటున్నాడు. తన తాళం తనే వేసి, చెవి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కింది నుంచే పొడవాటి కర్రతో తీగకు టెస్టర్ ఆనించి చూశాడు, కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా ఎర్తింగ్ గొలుసు తగిలించాడు. ఇంజన్ దడదడ కొట్టుకుంటూనే ఉంది. ఆయన ఎక్కాడు. మమత నా చొక్కా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. ఆ పావుగంట నా జీవితంలో అన్నిటికంటే పొడవైనది. ఆయన మూడు వేళ్ళతోనే అతుకు బిగించి, నిదానంగా దిగి, కాళ్ళు నేలకానించాడు.

"సార్, ఇన్నేండ్లు నా బిడ్డ చెప్తెనే ఎక్కిన," అన్నాడు చంద్రయ్య. "ఇగ ఈ పిలగాడు చెప్పినా ఎక్కుత."

మమత కళ్ళు తుడుచుకుంది. జయమ్మ ఊరుకుంటుందా?

"తీగలు సర్కారువి, అంటే మనయే. గ్యాసు మా బర్లది. నడుమ కిరాయోనితోటి మనకేం పని సార్?" అంది.

డీఈ గారు నవ్వి, పాల క్యాన్ మీద కాగితం పెట్టుకుని, అనుమతి కొనసాగించాలని రాయడం మొదలుపెట్టారు.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది. "చంద్రయ్య గారూ, నేను మీ అమ్మాయిని చేసుకుంటాను. మీరు ఒప్పుకోవాలి," అన్నాను.

చంద్రయ్య నన్ను కింది నుంచి పైదాకా, స్తంభాన్ని చూసినట్టు చూశాడు.

"నన్నడుగుతవేంది? ఆమెనడుగు."

మమత నా చొక్కా ఇంకా వదల్లేదు. "అడిగేదాక ఆగుడెందుకు? నాకిష్టమే," అంది, అందరికీ వినపడేలా.

డీఈ గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇదీ రాయమంటారాండి?" అని అడిగారు.

"రాయుండ్రి సార్," అంది మమత. "ఈసారి అన్ని చూసుకునే చెప్తున్న."