కళాయి పోయిన చారుగిన్నె

ఎనభై మూడు వేసవి. సీతమ్మధారలో దొరబాబు వాటా. వంటింట్లో అతని తల్లి భ్రమరాంబ నేలమీద పడి ఉంది. పక్కన సగం తిన్న చారన్నం, పచ్చటి వాంతి.

సాయంత్రానికి ఆస్పత్రి నుంచి డాక్టరు కబురు చేశాడు. ప్రాణభయం లేదు. కానీ కడుపులో పడింది విషమే.

ఎస్సై నీలకంఠం వచ్చేసరికి పనిమనిషి చిట్టమ్మ గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని ఉంది. దొరబాబు కుడిచెయ్యి జేబులో పెట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"ఇదేనండి చేసింది. సింకు నిండా తెల్లమరకలేమిటని నిన్న మా అమ్మ చీవాట్లేసిందండి. పగబట్టింది. ఇవాళ పనికే రాలేదు. మనిషిని పంపి రప్పించాను. లోపల పడెయ్యండి."

"మరకలు నావేటి బాబూ? బోరునీళ్ళవి," అంది చిట్టమ్మ. "తిట్టారని కోపమొచ్చి రానేదు. నాను జైలుకెల్తే నా పిల్లలకి గంజెవలు పోత్తారు?"

నీలకంఠం ఎవరినీ నమ్మలేదు. అత్తాకోడళ్ళకు పడదని పక్కవాటావాళ్ళు అప్పటికే చెవిన వేశారు. కోడలు తాయారు వైపు తిరిగాడు.

"చారు ఎవరు కాచారు?"

"అత్తయ్యగారేనండి. పొద్దున్నే మడిగిన్నెలో కాచి, పూజయ్యాక మధ్యాహ్నం తింటారు. మాకు పెట్టరు."

"ఆ గిన్నె ఎవరు తోముతారు?"

"ఆవిడేనండి. నన్నూ ముట్టుకోనివ్వరు, చిట్టమ్మనీ ముట్టుకోనివ్వరు."

నీలకంఠం ఇత్తడి గిన్నెలోకి చూశాడు. తర్వాత సింకులోకి చూశాడు.

"చిట్టమ్మా, నిన్న నువ్వెళ్ళేటప్పుడు సింకులో మరకలున్నాయా?"

"ఉన్నాయి బాబూ. తోమితోమి సేతులు పడిపోనాయి. పోనేదు."

"ఇప్పుడు చూడు."

చిట్టమ్మ లేచి తొంగిచూసింది. ఒక్క తెల్లమచ్చ లేదు. వాటి బదులు నల్లటి చారలు. నీళ్ళు పోయే జల్లెడ చుట్టూ స్టీలు గరుకుదేలింది.

"చిట్టమ్మే తోమిందనుకున్నానండి," అంది తాయారు.

"దొరబాబుగారూ, కుడిచెయ్యి జేబులోంచి తియ్యండి."

తీశాడు. వేళ్ళనిండా బొబ్బలు.

"బాత్రూం యాసిడ్ కదూ?"

దొరబాబు తల వంచుకున్నాడు. "మాది కోనసీమండి. గోదారి నీళ్ళకి గిన్నెలు అద్దాల్లా ఉండేవి. ఇక్కడ ఈ మరకలు చూసి అమ్మ రోజూ ఊరెళ్ళిపోతానంటోంది. నిన్న సాయంత్రం అమ్మా, తాయారూ గుడికెళ్ళినప్పుడు సింకు తోమాను. ఆ చేత్తోనే గిన్నె కూడా. లోపల తెల్లగా పట్టిందని."

"అది మరక కాదు. కళాయి. ఇత్తడికి లోపల వేసే తగరప్పూత." నీలకంఠం గిన్నె వంచి చూపించాడు. లోపల పచ్చగా మెరుస్తోంది. "ఒట్టి ఇత్తడిలో చింతపండు చారు మధ్యాహ్నం దాకా నిలవుంది. చిలుమంతా అందులో దిగింది. మీ అమ్మ గిన్నె లోపల చూసుకోలేదు, తినేసింది. మరకలు పోవాలంటే చింతపండు గుజ్జు పూసి, కాసేపాగి మెత్తటి పీచుతో రుద్దితే చాలు. యాసిడ్ గిన్నెల జోలికే పోకూడదు."

"నాకు తెలీదండి."

"నిన్న తెలీదు. డాక్టరు విషమన్నాక? చెయ్యెందుకు దాచావు?"

దొరబాబు గుమ్మానికి అడ్డు తప్పుకున్నాడు.

చిట్టమ్మ కొంగు దులుపుకుని గుమ్మం దిగింది.

"రేపు పనికి రా చిట్టమ్మా," అన్నాడు దొరబాబు మెల్లగా.

"అమ్మగారు ఆస్పత్రినించి రానియ్యండి. గిన్నె ఎవలు తోమేరో నా ఎదర మీరే సెప్పండి. అప్పుడొత్తాను."

దొరబాబు చెయ్యి మళ్ళీ జేబు దాకా వెళ్ళి ఆగింది.