అద్దం చుట్టూ కుట్టు

జనగామలో ఆ ఇత్తడి సామాన్ల దుకాణం ఆదివారం పొద్దున ఎనిమిదికే తెరిచి ఉంది. లోపలికి వచ్చిన మనిషి వరసగా పేర్చిన కుందుల్ని ఒకసారి చూశాడు.

"నెమలి దీపం ఉందా?"

"తోక విరిగిందే ఉన్నది."

"తోక నా దగ్గరుంది."

కోడ్ సరిపోయింది. గల్లాపెట్టె వెనకున్న ఆవిడ లేచి షట్టర్ సగం దించింది. ఆమె బజారుకు ఇత్తడి వ్యాపారి, ఢిల్లీలో ఒక సీల్డ్ ఫైలుకు మాత్రం గూఢచారి సంస్థ సౌత్ జోన్ చీఫ్. వచ్చినవాడు ఏజెంట్ జైసింగ్. డోర్నకల్ దగ్గరి లంబాడి తండాలో పుట్టాడు. పదకొండేళ్ల సర్వీసులో తొమ్మిది పేర్లు మార్చాడు. మూడేళ్ల క్రితం వాళ్ళ అమ్మ పోయినప్పుడు వేరే దేశంలో వేరే పేరుతో ఉన్నాడు. కబురు అందేసరికి నెల దాటింది. ఆ సంగతి సర్వీస్ రికార్డులో లేదు.

"భూపాలపల్లి మ్యూజియం ఎరికేనా?" అంది చీఫ్.

"విన్న. ఎన్నడు పోలే."

"ఎవరు పోరు. దేశంల ఆర్ట్ మ్యూజియం కన్న ఖాళీ జాగ లేదు. అందుకే రేపు పదకొండు గంటలకు మీటింగ్ అక్కడ పెట్టినం. ఏడుగురు సైంటిస్టులు. వాళ్ళ మొకాలు ఎట్లుంటయో బయట ఒక్కనికి తెల్వదు. పోయినేడు ఇద్దరి ఫొటోలు 'ఆర్కిడ్' చేతిల పడ్డయి. ఆ ఇద్దరు ఇప్పుడు లేరు."

ఆర్కిడ్ అంటే విదేశీ ముఠా. అందులో మన మనిషి ఒకడున్నాడు, రాకేష్. అతని నుంచి రాత్రి వచ్చిన మెసేజ్‌ను చీఫ్ చదివి వినిపించింది. 'మోతీబాయి గుడ్డ. ఒక అద్దం చూస్తది. సోమవారం పదకొండు.'

"మోతీబాయి ఎవరు?"

"కొత్తగూడ దిక్కు తండాల ముసలామె. ఆమె కుట్టిన అద్దాల గుడ్డ మీటింగ్ హాల్ల గోడకున్నది. వెయ్యికి పైన అద్దాలు. ఒకటి కెమెరా లెన్స్."

"మీటింగ్ క్యాన్సిల్ చేస్తే?"

"ఏడుగురు ఏడు దార్ల వస్తున్నరు. ఫోన్లు లేవు. ఆపలేం."

"గుడ్డ దించేస్తే?"

"ఆ అద్దం సంగతి ఆర్కిడ్‌ల ముగ్గురికే తెలుసు. గుడ్డ దించిన గంటకు రాకేష్ ఉండడు. వాళ్ళమ్మ చంద్రమ్మ ఈ పక్క సందులనే ఉంటది, జైసింగ్. పొద్దున్నే కూరగాయలకు పోతూ నన్ను పలకరిస్తది." చీఫ్ గల్లాపెట్టె మూసింది. "లెన్స్ పోవాలె. ఎవరో తీసినట్టు కాదు, దానంతటదే పోయినట్టు పోవాలె. లోపల క్యూరేటర్ జ్యోత్స్న మనకు సాయం ఉంటది. ఆర్కిడ్ ఆమెను తమ మనిషనుకుంటది, కని మన మనిషి. రాకేష్ సంగతి ఆమెకు సుత చెప్పకు."

జైసింగ్‌కు ఒక పెన్ను, చెవి మెషీన్, కొత్త పేరు దక్కాయి. పెన్ను డిటెక్టర్. చెవి మెషీన్ రేడియో. పేరు శ్రీపాల్, హైదరాబాద్ నుంచి వచ్చిన కన్జర్వేషన్ ఆఫీసర్. పదో పేరు.

*

మర్నాడు చీకటితోనే జైసింగ్ శ్రీపాల్‌గా తండాకు పోయి, గుడ్డ బాగుచేయాలని చెప్పి మోతీబాయిని జీపెక్కించుకున్నాడు. ఆమె కళ్ళు పొరలు కమ్మి తెల్లబడ్డాయి. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. జైసింగ్ ఆమెను "అవ్వా" అని పిలిచాడు. సొంత తండాలో అయితే యాడీ అనేవాడు, అంటే అమ్మా అని. కానీ శ్రీపాల్‌కు ఆ మాట తెలియకూడదు.

"మా బాస వస్తదా బిడ్డా నీకు?"

"రాదవ్వా."

ఉద్యోగంలో చెప్పిన వేల అబద్ధాల్లో అదొకటి. పెద్దదిగా ఏమీ అనిపించలేదు.

జీపు తాడ్వాయి అడవి దాటుతుంటే ఆమె గుడ్డ సంగతి చెప్పింది. "మా లత కోసం కుట్టిన. పదిహేడేండ్లప్పుడు ఢిల్లీకి ఎగ్జిబిషన్‌కు పోయింది, కుట్టు చూపెట్టనీకి. రైలు ప్రమాదమన్నరు. మనిషి రాలే, కాయిదం వచ్చింది. నేను కుట్టుడు మాత్రం ఆపలే. పద్నాలుగేండ్లు కుట్టిన. కండ్లు పోయినంక చేతులు కుట్టినయి."

అమ్మ పోయినప్పుడు జైసింగ్‌కు అలాంటి కాగితం కూడా రాలేదు.

*

సోమవారం మ్యూజియానికి సెలవు. తొమ్మిదింటికి గేటు దగ్గర రిజిస్టర్లో జ్యోత్స్న ఎడమచేత్తో సంతకం పెడుతూ కనిపించింది. బూడిదరంగు సిల్కు చీర, పొట్టి జుట్టు, నల్ల కళ్ళద్దాలు. ఐదు భాషలు వచ్చు, అన్నీ యాస లేకుండా. జైసింగ్ చెయ్యి పట్టుకుని జీపు దిగుతున్న మోతీబాయిని చూసి ఆమె పెన్ను ఆగింది.

"ఈవిడ ఎందుకు?"

"గుడ్డ దారాలు వదులయ్యాయని రిపోర్టు. పర్మనెంట్ కలెక్షన్‌లో దేన్నైనా బాగుచేయాలంటే తయారుచేసిన కళాకారుల చెయ్యే పడాలి. రూల్ నంబర్ పద్నాలుగు. మీరు రాసిందే, మేడమ్."

జ్యోత్స్న పక్కకు తప్పుకుని తన గదివైపు పోయింది.

పర్మనెంట్ కలెక్షన్ అంటే ఒకసారి లోపలికి వచ్చింది ఇక బయటికి పోదు. రిటైరైన గని కార్మికుడు బొగ్గుపొడితో వేసిన తన తోటివాళ్ళ ముఖాలున్నాయి. జనగామ ఇత్తడి పనివాడు పాత తాళాలతో పోసిన మనిషి ఉన్నాడు. గంగారం కోయ అమ్మాయి పోడు బూడిదతో అద్దిన కొండ ఉంది. డోర్నకల్ రైల్వే క్వార్టర్స్‌లో ఒకావిడ పాత టికెట్లు అతికించి చేసిన చర్చి ఉంది. తమకిష్టమైన వాటిని పోనివ్వలేనివాళ్ళే ఇవన్నీ చేశారనిపిస్తుంది చూస్తుంటే. చూసేవాళ్ళే లేరు.

అద్దాల గుడ్డ గోడ నిండా ఉంది. జైసింగ్ పెన్ను పెట్టగానే మోగింది. జరిపిన ప్రతిచోటా మోగింది.

"దాంట్ల పాత పైసలు, సీసం పూసలు కుట్టిన బిడ్డా. అరవక ఏం జేస్తది," అంది మోతీబాయి.

డిటెక్టర్ జేబులోకి పోయింది. ఇక మిగిలింది ఆమె వేళ్ళే.

"అవ్వా, దీంట్ల ఒక అద్దం నీది కాదు. ఎవరో మార్చిన్రు. ఏదో చెప్పు."

ఆమె పై వరస నుంచి మొదలుపెట్టింది. ఒక్కో అద్దం చుట్టూ వేలు తిప్పుకుంటూ వచ్చింది. పది దాటి ఇరవై నిమిషాలకు వేలు ఒకచోట ఆగింది. వెనక్కి తిరిగింది. మళ్ళీ తిరిగింది. మోతీబాయి కుట్టు ఎప్పుడూ కుడిచేతి వాటం. అక్కడ దారం ఎదురు తిరిగి ఉంది. ఎడమచేతి కుట్టు. చిన్నప్పుడు ఎన్నిసార్లు కసిరినా లత మానని ఎడమచెయ్యి.

ఆమె వేలు ముందుకు కదిలింది. చివరి వరస దాకా పోయింది.

"అన్నీ నావే," అంది.

జైసింగ్ ఆ ముఖం చూశాడు. ఆమె అబద్ధం చెబుతోందని తెలిసింది. ఎందుకో తెలియలేదు. టైము పది నలభై. రూల్ ప్రకారం నిజం చెప్పకూడదు. చెప్పేశాడు.

"అవ్వా, ఆ అద్దం ఉంటే ఏడుగురు చస్తరు. దాన్ని నేను తీస్తే ఒక పిలగాడు చస్తడు. జనగామల వాళ్ళమ్మ ఉన్నది, చంద్రమ్మ అని. ఆమెకు కాయిదం సుత రాదు."

మోతీబాయి గుడ్డ అంచు పట్టుకుంది.

"కుట్టినోళ్ళను ఏం జేస్తరు?"

"జైలు. ఇగ బయటికి రారు."

"అన్నీ నావే బిడ్డా," అంది మళ్ళీ.

పదకొండుకు రెండు నిమిషాలుంది. బయట వరండాలో అడుగులు వినిపించాయి. సైంటిస్టులకు తలుపు తీయడానికి హాల్లోకి వచ్చిన జ్యోత్స్న గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

"ఒక దారం వదులైంది. కొరుకుత," అంటూ మోతీబాయి గుడ్డకు ముఖం ఆనించింది. చూసేవాళ్ళకు ముద్దు పెట్టుకుంటున్నట్టే ఉంది. పంటి కింద దారం పుటుక్కుమంది. అద్దం రాతి నేల మీద పడి పగిలింది. అందులోంచి వెంట్రుకంత నల్ల తీగ బయటపడింది. గోడగడియారం అప్పుడు పదకొండు కొట్టింది.

"పాత దారం. తెగింది," అందామె అందరికీ వినబడేలా.

తర్వాత వంగి పెంకుల కోసం తడిమింది. వేలు తెగి రక్తం వచ్చింది.

జ్యోత్స్న అప్పుడే బయటికి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆమె పరుగున వచ్చి, సిల్కు చీరతోనే నేల మీద కూర్చుని, ఆ వేలిని తన ఎడమచేతిలో గట్టిగా అదిమి పట్టింది. మోతీబాయి రెండో చెయ్యి ఆ చేతి బొటనవేలి మీదికి పాకింది. ఏడేళ్ళప్పుడు సూది దిగిన చోట గట్టిపడిన గింజ అలాగే ఉంది.

తండాల్లో ఆడవాళ్ళు చాలాకాలానికి కలుసుకుంటే వెంటనే మాటల్లోకి దిగరు. మెడలు కావిలించుకుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్ళ పేర్లు, ఎదురుచూసిన ఏళ్ళు, అన్నీ ఆ ఏడుపులోనే వస్తాయి. ఒకరు ఆగినచోట రెండోవారు అందుకోవాలి. ఆ గదిలో తమ భాష తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరని మోతీబాయికి నమ్మకం. హైదరాబాద్ ఆఫీసరే స్వయంగా చెప్పాడు. అందుకే భయం లేకుండా లత పేరుతోనే ఎత్తుకుంది. పద్నాలుగేళ్ళు లేని బిడ్డకు కుట్టాననీ, ఉన్న బిడ్డ కుట్టును ఇవాళ నోటితో కొరికాననీ ఏడ్చింది. ఏడ్చి ఆగింది.

జ్యోత్స్న రెండుసార్లు లై డిటెక్టర్‌ను మోసం చేసిన మనిషి. ఆమె గొంతు రాగం అందుకుంది.

"జైసింగ్, ఏంది ఆ సౌండ్? రిపోర్ట్," అంది చెవి మెషీన్‌లో చీఫ్.

"లెన్స్ పోయింది మేడమ్. దానంతటదే."

"ఏడుస్తున్నదెవరు?"

"కొద్దిగ టైమియ్యండి. మధ్యల ఆపొద్దు. మా దిక్కు ఆపరు."

మెషీన్ తీసి జేబులో వేసుకున్నాడు. ఏడుగురు సైంటిస్టుల్ని వరండాలోనే నిలబెట్టాడు. తన తల్లి పోయినప్పుడు ఇలా ఎవరి మెడ పట్టుకుని ఏడవలేదని గుర్తొచ్చింది. గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. రాగం పూర్తిగా ఆగాకే బేడీలు బయటికి తీశాడు.

ఆ చప్పుడుకు మోతీబాయి తలెత్తింది. "నేనెవరి పేరు చెప్పలే గద బిడ్డా?"

"నాకు చెప్పలే, యాడీ."

ఆ మాట నోరు జారి వచ్చింది. ఆమె తెల్లని కళ్ళు అతని గొంతు వచ్చినవైపు నిలిచిపోయాయి.

"నీకు బాస వస్తదా," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేదని జైసింగ్ చాలాకాలం అనుకున్నాడు.

జీపులో జ్యోత్స్న ఒక్కసారే నోరు విప్పింది. "ఆ రైలు కాయిదం రాసింది ఆర్కిడోళ్ళే. తిరిగి పోతే మా యాడిని బతకనియ్యమన్నరు. వాళ్ళడిగింది ఒక్క అద్దం. ఏ గుడ్డకైన పెట్టొచ్చు. యాడి గుడ్డను పర్మనెంట్ కలెక్షన్‌లకు తెచ్చింది మాత్రం నా ఇష్టం."

"ఎందుకు?"

"అదన్న ఉంటదని."

*

జ్యోత్స్న కనబడకుండా పోయేసరికి అద్దం గుట్టు బయటపెట్టింది ఆమే అని ఆర్కిడ్ నమ్మింది. రాకేష్ మీద అనుమానం రాలేదు. నలభై రోజుల్లో అతనిచ్చిన సమాచారంతో ముఠా మొత్తం దొరికింది. ఒక పొద్దున చంద్రమ్మ కొడుకును వెంటబెట్టుకుని కూరగాయలకు పోవడం చీఫ్ దుకాణంలోంచి చూసింది. జ్యోత్స్న ఏ జైల్లో ఉందో ఏ కాగితంలోనూ లేదు. ములాఖత్ లేదు.

ఊడిన అద్దం చోట కొత్తది కుట్టడానికి మోతీబాయి ఒప్పుకోలేదు. ఇంకెవరూ ముట్టకూడదు, రూల్ పద్నాలుగు. ఆ ఖాళీ చుట్టూ ఎడమచేతి కుట్టు అలాగే ఉండిపోయింది. జైసింగ్ ఆఫీసుకు మెమో రాసి లేబుల్ మార్పించాడు. కళాకారులు: మోతీబాయి, లత.

ఆరు నెలల తర్వాత చీఫ్ ఫోన్ చేసింది. "ఇంకో మీటింగ్ ఉన్నది. భూపాలపల్లి హాలు ఎట్లుంది? ఖాళీయేనా?"

"లేదు మేడమ్. ప్రతి గురువారం కొత్తగూడ బస్సుకు ఒకామె వస్తున్నది. గుడ్డ ముట్టద్దని బోర్డున్నది. ఆమెకు కండ్లు కనబడవు."