జవాబియ్యకు జయా

చిక్కడపల్లి గల్లీలో ఇంద్రసేన సార్ ఇల్లెక్కడని ఎవరినడిగినా చెప్తారు. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లలో చరిత్ర చెప్పి ఎందరినో సర్కారు నౌకరీలు ఎక్కించిన మనిషి. ఇప్పుడాయనకు పార్కిన్సన్స్. చెయ్యి వణుకుతుంది. అడుగు పొట్టిదయింది. క్లాసు దద్దరిల్లించిన గొంతు పక్కన కూచున్నా వినపడనంత సన్నబడింది. భార్య జయశ్రీ అన్నిటికీ ఓర్చుకుంది గానీ, ఆమెకు ఒక్కటే భయం. ఈ మనిషి ఏదో ఒకనాడు తననే మరిచిపోతే?

భయం ఊరికే రాలేదు. ఈమధ్య సందె దీపం ముందు కేశవనామాలు చదువుతూ, మాధవుడి దగ్గర ఆగిపోతున్నాడు. బతుకంతా తలిచిన గోవిందుడే గుర్తుకు రావట్లేదంటే, ఇంకేం చెప్పమంటారు!

"మరిచిపోలే జయా," అన్నాడొకనాడు గుసగుసగా. "ఎనక నుంచి ఎవరో 'సార్' అన్నరు. స్టూడెంట్ అనుకొని 'ఆఁ' అన్న. తిరిగి చూస్తే ఎవ్వరు లేరు. అప్పటి సంది నా ఎనకనే నిలబడి, ఒక్కొక్కటి తీస్కుంటున్నడు."

"నోట్సు అడగనీకి వచ్చిండేమో, ఇచ్చి పంపియ్యుండ్రి," అని నవ్వించబోయింది. ఆయన నవ్వలేదు.

వెనక ఎవరో ఉన్నట్టు అనిపించడం ఈ జబ్బులో మామూలేనన్నాడు డాక్టరు. మతిమరుపు ఎందాక వచ్చిందో చూద్దామని మెదడుకు ఎమ్మారై రాశాడు.

నారాయణగూడలో ఆ స్కానింగ్ సెంటర్ సెల్లార్లో ఉంది. బయట ముసురు. లోపల స్పిరిట్ వాసన, ఎముకలు కొరికే ఏసీ.

"పేషెంట్ పేరేందమ్మా?" అడిగాడు టెక్నీషియన్ నాగేందర్.

పెనిమిటి పేరు ఎన్నడూ నోట పలకని ఇల్లాలు! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిసుక్కున నవ్వి, "ఇంద్రసేన" అంది.

"జర కదలకుండ్రి సార్. మాట్లాడినా బొమ్మ చెడిపోతది," అంటూ ఆయన్ను యంత్రంలోకి జరిపాడు నాగేందర్.

అద్దానికి ఇవతల నాగేందర్ పక్కన కూచుంది జయశ్రీ. యంత్రం దడదడలాడసాగింది. ఆ మోతలోంచే, స్పీకర్లో...

"కేశవాయ నమః... నారాయణాయ నమః..."

వణుకు లేని గొంతు. పెండ్లినాటి గొంతు. మాధవుణ్ణి దాటింది. గోవిందుణ్ణీ దాటింది! జయశ్రీ రెండు చేతులూ జోడించింది. తండ్రీ, తిరిగిచ్చినవా!

"మాట్లాడొద్దని చెప్తి గదా," అంటూ తెర మీదికి వంగిన నాగేందర్ అట్లాగే ఉండిపోయాడు.

"అమ్మా... బొమ్మ సాఫ్‌గ వచ్చింది."

"మంచిదే గద నాయనా?"

"నోరు మెదిపితే చెదరాలె." అతని గొంతు తగ్గింది. "సార్ నోరు తెరవనే లేదమ్మా..."

జయశ్రీ గబగబా ఆయన్ను బయటికి తీసుకొచ్చింది. ఆటోలో దారి పొడుగునా ఆయన చెయ్యి పట్టుకునే కూచుంది. ఇంటికొచ్చాక మాత్రం ఆయన మొహం తేటపడింది.

"జయా, ఇప్పుడు నా ఎనక ఎవ్వరు లేరు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. సందె వేళ కావస్తోంది. దీపానికి అటు పక్క ఆయన్ను కుర్చీలో కూచోబెట్టి, ఇటు పక్క తాను కూచుని, తల వంచి వత్తి సరిచేస్తోంది. నువ్వుల నూనె వాసన. కిటికీ మీద చినుకుల చప్పుడు.

"జయా!"

ఎన్నేండ్లకు విన్నదా నిండు పిలుపు!

"ఆఁ... ఏమండి?" అంది సంబరంగా.

అప్పుడు తట్టింది. పిలుపు వచ్చింది... తన వెనక నుంచి.

తలెత్తింది. ఎదురుగా ఆయన. మూసిన పెదవులు. చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి...

వణికే చెయ్యి లేచింది. "జవాబియ్యకు జయా..."

ఆలస్యమైంది.

ఆమె ఆయన్ను పేరు పెట్టి పిలవాలనుకుంది. నోరు తెరిచింది. పేరు... రాలేదు. దీపానికి అవతల చెయ్యి వణుకుతున్న ఈ పెద్దమనిషి... ఎవరు?

వెనక, కొంగు చాటున, ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇంద్రసేన," అంది జయశ్రీ గొంతు.

దీపం ముందు కూచున్న జయశ్రీ పెదవులు మాత్రం కదలలేదు.